వీధిలో నిలబెట్టే బండికి అలారం డిస్క్ లాక్ పనికొస్తుందా? (పర్లాకిమిడి)

ల్యాబ్ కుర్రోడు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. తెల్లారకుండానే ఐస్ బాక్స్ వెనక కట్టుకుని ఇళ్లకెళ్లి రక్తం శాంపిళ్లు తేవడం నా డ్యూటీ. సగం ఇళ్లు మా ఊళ్లో, సగం మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో. బండి అపాచీ 160. ఫైనాన్స్ ఇంకా తీరలేదు.

సంగతేమిటంటే, మాది పాతకాలం పెంకుటిల్లు. వీధిగుమ్మానికి ఎత్తు మెట్లు, పైన అరుగు. చెక్క వేసి ఎక్కిద్దామన్నా గుమ్మంలో హ్యాండిల్ పట్టదు. అంచేత రాత్రంతా బండి వీధిలో కాలవ గట్టు మీదే ఉంటుంది, సరిగ్గా మా ముందుగది కిటికీ కింద. మొన్న మా వీధి చివర మాస్టారి స్ప్లెండర్ పోయింది. హ్యాండిల్ లాక్ వేసే పడుకున్నారట. పొద్దున్న చూస్తే బురదలో సైడ్ స్టాండ్ దిగిన గుంట ఉంది, బండి లేదు. మా అమ్మకి అసలే నిద్ర తక్కువ. ఇప్పుడు మధ్యమధ్యలో లేచి కిటికీలోంచి తొంగి చూస్తోంది.

అలారం ఉన్న డిస్క్ లాక్ (ముందు చక్రం బ్రేకు డిస్క్ బెజ్జంలో పెట్టే తాళం, కదిలిస్తే కూస్తుంది) కొందామని చూస్తే ఆన్‌లైన్‌లో ఐదు వందల నుంచి మూడు వేల దాకా ఉన్నాయి. అన్నింటి మీదా 110 డెసిబెల్స్ అనే రాసుంది. మరి తేడా ఏటి? వానకి తడిస్తే పని చేస్తుందా? మా వీధిలో రాత్రిపూట ఆవులు బండ్లకి వీపు గోక్కుంటాయి, దానికీ అరుస్తుందా? శాంపిల్‌కి వెళ్లిన ప్రతి ఇంటి దగ్గరా వేసి తియ్యాలా, రాత్రికి వేస్తే చాలా? వాడినవాళ్లు చెప్పండి. "మంచి కంపెనీది కొను" అని మాత్రం అనకండి, అది షాపువాడూ చెప్పాడు.

బరంపురం బావ:

దండగ తమ్ముడూ.

మా పాత బస్టాండ్ దగ్గర ఓ పొద్దున్న టిఫిన్ తింటుంటే పక్కనే ఒక బండి ఇదే రకం కూత మొదలెట్టింది. "ఎవడిదిరా బాబూ, చెవులు పోతున్నాయి" అని తిట్టినవాళ్లే గానీ లేచి చూసినవాడు లేడు. కాసేపటికి ఓనరే పరిగెత్తుకొచ్చి, అందరి మొహాలూ చూసి సిగ్గుపడి తాళం తీసుకున్నాడు. ఆ వచ్చినవాడు దొంగే అయ్యుండి, అలాగే కాస్త సిగ్గుపడి బండి తీసుకుపోయినా మేం ఇడ్లీ తింటూనే ఉండేవాళ్లం. ఇక మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, ఆ డప్పుల్లో నీ అలారం నీకే వినపడదు.

ఆ డబ్బుకి జీపీఎస్ పెట్టించుకో.

స్పానర్ బాబాయ్ (రాయగడ):

బావగారు చెప్పింది నిజమే, కానీ ఆయన చెప్పింది బస్టాండ్ సంగతి. అబ్బాయి అడిగింది వాళ్ల కిటికీ కింద సంగతి.

రాయగడలో నాకు రిపేరు షెడ్డు, దాన్ని ఆనుకుని చిన్న స్పేర్స్ కొట్టు ఉన్నాయి. పోయి దొరికిన బండ్లు కీసెట్ మార్చడానికి మా దగ్గరికే వస్తాయి. దొంగ ఏం చేశాడో బండిని చూస్తే తెలిసిపోతుంది. హ్యాండిల్ లాక్ అంటే లోపల వేలెడంత ఇనప పిన్ను, అంతే. బలమున్నవాడు ఒక్క గుంజు గుంజితే విరుగుతుంది. ఆ తర్వాత వైరింగ్‌తో ఏం చేస్తారో ఇక్కడ రాయను, ఎవరెవరు చదువుతారో ఏమో. కానీ ఏం చేసినా వాడికి రెండు కావాలి. చప్పుడు కాకూడదు. బండిని స్టార్ట్ చేయకుండా సందు మలుపు దాకా తోసుకుపోవాలి. డిస్క్ లాక్ ఆ తోయడానికి అడ్డం పడుతుంది. అలారం ఆ నిశ్శబ్దాన్ని చెడగొడుతుంది. దొంగని పట్టుకోవడం దాని పని కాదు, వాడికి ఈ బండి వద్దులే అనిపించడం దాని పని. అది కూత విని లేచే మనిషి దగ్గర్లో ఉన్నప్పుడే జరుగుతుంది. మీ అమ్మగారికి నిద్ర తక్కువన్నావు చూడు, నీ లాక్‌లో సగం ఆవిడే. బస్టాండ్‌లో అలాంటి మనిషి లేదు, అందుకే అక్కడ బావగారి మాటే రైటు.

110 డెసిబెల్స్ అని అందరూ రాస్తారు. ఎంత దూరంలో కొలిచారో చాలామంది రాయరు. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. జానెడు దూరంలో కొలిచిన 110, ఆరు మీటర్ల అవతల మంచం దాకా వచ్చేసరికి 80 దగ్గర ఉంటుంది. తలుపు, కిటికీ మూసుంటే ఇంకా తక్కువ. అయినా నిద్ర లేపడానికి అది చాలు. కనక ఆ అంకె చూసి ధర బేరీజు వెయ్యకు. ధరలో తేడా ఉండేది బాడీలో, పిన్నులో, తాళం చెవి పట్టే సిలిండర్‌లో, లోపలి రబ్బరు రింగులో. చవక వాటిలో బాడీ జింక్ పోత, సుత్తి పడితే పగులుతుంది. సిలిండర్ ఇంకా అన్యాయం. ఒకే పెట్టెలో వచ్చిన రెండు లాకులు ఒకే తాళంచెవితో తెరుచుకోవడం నా కొట్లోనే చూశాను, ఆ పెట్టె వాపసు పంపేశాను. షాపులో కొంటే పక్క లాక్ చెవి నీ దాంట్లో పెట్టి తిప్పి చూడు. సిగ్గుపడకు.

కొనేముందు అందరూ మర్చిపోయేది పిన్ మందం. 5.5, 6, 7, 10 ఎంఎం ఇలా వస్తాయి. 10 ఎంఎం పిన్ గట్టిదే, కానీ మన 150, 160 సీసీ బండ్ల డిస్క్ బెజ్జాల్లో చాలావాటికి అది దూరదు. స్కేలుతో కొలిస్తే తెలీదు. తెలిసిన మెకానిక్ దగ్గర 6, 7 ఎంఎం డ్రిల్ బిట్లు తీసుకుని, కొన వైపు కాకుండా మొద్దు వైపు నుంచి డిస్క్ బెజ్జంలో దూర్చు. ఏది వదులు లేకుండా హాయిగా దూరితే ఆ సైజు పిన్ కొను. ఊళ్లో ఎవరైనా చేసిపెడతారు, డబ్బులు కూడా అడగరు.

లాక్ పెట్టే చోటు సంగతి కూడా ఉంది. చాలామంది ఏ బెజ్జం చేతికి దొరికితే దాంట్లో పెట్టేస్తారు. అప్పుడు చక్రం ఇంచుమించు ఒక చుట్టు తిరిగి ఆ ఊపుతో లాక్ వచ్చి కాలిపర్‌ని (డిస్క్‌ని నొక్కిపట్టే బ్రేకు భాగం) కొడుతుంది. తోసేది దొంగైనా నువ్వైనా దెబ్బ ఒకటే. కాలిపర్‌కి ఆనించి, బండి ముందుకి కదలగానే తగిలే వైపు పెట్టాలి. కాలిపర్ ఫోర్క్ వెనక ఉంటే దాని కింద, ఫోర్క్ ముందు ఉంటే దాని పైన. అపాచీ లాంటి బండ్లకి ముందు చక్రం దగ్గర ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) రింగ్ ఉంటుంది, సన్నటి పళ్లచక్రం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు కాబట్టి అప్పటి తర్వాతి బండ్లలో ఇది చూసుకోవాలి. లాక్ ఆ రింగుకి గాని, దాని సెన్సార్ వైరుకి గాని రాసుకోకూడదు. రింగు వంగితే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగి కూర్చుంటుంది, ఆ ఖర్చు లాక్ ధర కన్నా ఎక్కువ.

ఇప్పుడు నీ ఆవు సంగతి. చాలా మోడళ్లలో మొదటి కదలికకి చిన్న హెచ్చరిక కూతలు, రెండు మూడు బీప్‌లు, అంతే వస్తాయి. వెంటనే మళ్లీ కదిలిస్తేనే పది సెకన్ల పెద్ద కూత. ఆగి మళ్లీ కాపలాకి సిద్ధమవుతుంది. ఆవు ఒకసారి రాసుకుని పోతే బీప్‌లతో సరి. నిలబడి గోక్కుంటే మాత్రం వీధంతా లేస్తుంది. సెన్సార్‌ని తగ్గించుకునే వీలు చవక వాటిలో ఉండదు. బండిని సైడ్ స్టాండ్ మీద కాకుండా సెంటర్ స్టాండ్ మీద నిలబెడితే ఊగడం తగ్గుతుంది, ఉత్తుత్తి కూతలూ తగ్గుతాయి. మా షెడ్డు ముందు నుంచి పేపరు మిల్లు కలప లారీలు పోతుంటాయి. నేల అదిరితే కొన్ని లాకులు బీప్‌మంటాయి, కొన్ని పట్టించుకోవు. అది అదృష్టం.

వాన. ఇదే అసలు శత్రువు. బాడీ కింద నాలుగు బుల్లి స్క్రూలుంటాయి, కొన్నిటికి మూడు. విప్పితే మూత, మూత అంచున దారమంత రబ్బరు రింగు, లోపల ఎల్ఆర్44 బటన్ సెల్స్ ఆరు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కోటి 1.5 వోల్టులు, ఆరూ కలిస్తే 9. కొత్తగా కొన్న రోజే ఒకసారి విప్పు. ఆ రబ్బరు రింగు గాడిలో సరిగా కూర్చుందో లేదో చూడు, నా దగ్గరికొచ్చిన వాటిలో చాలావాటికి ఒక మూల బయటికి పొంగి ఉంటుంది. నీళ్లు పోయేది ఆ మూల నుంచే. వేలి కొసకి కాస్త తెల్ల గ్రీజు తీసుకుని రింగు చుట్టూ పూసి, స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించు. సెల్స్ మీద పచ్చటి పొడి కనపడితే ఆరూ తీసి పారెయ్యి. అందులో బాగున్నవి రెండున్నాయి కదా అని కొత్తవాటితో కలపకు. వానాకాలం ముందు ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి మారిస్తే చాలు. సిలిండర్‌లో నెలకోసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు. సెల్స్ చచ్చిపోతే కూత పోతుంది గానీ తాళం పోదు, అది ఇనుము పని.

ప్రతి ఇంటి దగ్గరా వేసి తియ్యాలా అన్నావు. వద్దు. ఈ లాకుల వల్ల దొంగల కన్నా ఓనర్లే ఎక్కువ పడ్డారు. లాక్ ఉందని మర్చిపోయి గేరు వేసి వదిలితే లాక్ వచ్చి కాలిపర్‌ని తంతుంది, డిస్క్ వంగుతుంది, బండి ఒక పక్కకి ఒరుగుతుంది. నీకు వెనక ఐస్ బాక్స్, చేతిలో శాంపిళ్లు, ఎదర ఇంకో ఇల్లు. మర్చిపోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అలారం లాక్‌లో ఒక సుఖం, స్టాండ్ తియ్యగానే అదే బీప్‌మని గుర్తుచేస్తుంది. అయినా దాంతోపాటు ఇచ్చే నారింజ రంగు స్ప్రింగు తీగని లాక్ నుంచి హ్యాండిల్ దాకా తగిలించు. చూడ్డానికి బాగోదని సీటు కింద దాచేస్తారు జనం. దాచకు. ఇళ్ల దగ్గర ఐదు నిమిషాలకి హ్యాండిల్ లాక్ వేసి తాళంచెవి జేబులో వేసుకో, చాలు. రాత్రి ఇంటి దగ్గర, పెద్దాసుపత్రి లాంటి చోట గంటల తరబడి ఆపినప్పుడు డిస్క్ లాక్.

జీపీఎస్ పెట్టించు, వద్దనను. కానీ అది బండి పోయాక ఎక్కడుందో చెప్పేది. మీ వైపు కొండల్లో సిగ్నల్ లేని చోటికి పోతే ఆఖరి చుక్క చూపించి ఊరుకుంటుంది.

బల్లార్షా బిడ్డ:

మాది బల్లార్షా, చంద్రపూర్ జిల్లా. బాబాయ్ అన్నదంతా కరెక్టే. ఒక్కటి ఇడిసిపెట్టిండు. తోసుకపోయేటోడు ఒక రకం, ఎత్తుకపోయేటోడు ఇంకో రకం. అపాచీ 140 కిలోల దగ్గర్నే ఉంటది. ఇద్దరు లేపి టాటా ఏస్‌ల ఏసిన్రంటే డిస్క్ లాక్ ఏం జేస్తది? అరుసుకుంట పోతది.

తమ్మీ, కిటికీ కిందనే పెడుత అన్నవ్ గదా. కిటికీ ఇనుప చువ్వలు గట్టిగున్నయా? ఉంటె గొలుసు ఎన్క చక్రం లోపలికెంచి, ఫ్రేముకెంచి తీసి చువ్వలకు బిగియ్యి. ముందు చక్రానికి కట్టకు, ఒక్క యాక్సిల్ ఇప్పితె చక్రం నీకు, బండి ఆనికి. గొలుసు భూమ్మీద పడకుండ బిగువుగ ఉండాలె. కింద పడ్డదంటె భూమినే దిమ్మెగ జేసుకొని సుత్తెతోని కొడ్తరు, కట్టర్ కూడ అల్కగ పడ్తది. నా బండికి రెండూ ఉన్నయి, ముందట డిస్క్ లాక్, ఎన్క గొలుసు. రోజూ యాష్టకొస్తది, అది నిజం.

పాతపట్నం గుమాస్తా:

తాళాల సంగతి పెద్దలు చెప్పారు. నేను వకీలు గారి దగ్గర రాతపనులు చూస్తాను. అడక్కపోయినా, బండి పోయాక సంగతి చెప్తాను. మీ వీధి మాస్టారికి కూడా చూపించు బాబూ.

అందరూ పడే మొదటి గొయ్యి ఇన్సూరెన్స్. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి 5 ఏళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. జనం కాగితం మీద 5 ఏళ్లు చూసి "మనకి ఇన్సూరెన్స్ ఉంది" అనుకుంటారు. థర్డ్ పార్టీ అంటే మన బండి ఎదుటివాడికి చేసిన నష్టానికి. బండి దొంగతనం పోతే అందులో పైసా రాదు. దానికి ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి ఇచ్చే పాలసీ) కావాలి, అది సాధారణంగా ఏడాదికే ఉంటుంది, ఏడాదికోసారి కట్టుకోవాలి. రేపే నీ పాలసీ తీసి రెండు తేదీలూ విడివిడిగా చూసుకో. ఫైనాన్స్ బండి అన్నావు, బండి పోయినా కిస్తీలు ఆగవు.

వచ్చేది కూడా కొన్న ధర కాదు. ఐడీవీ అని రాసుంటుంది, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ. షోరూమ్ ధర మీద ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తరుగు. క్లెయిమ్ అప్పుడు బండి తాళంచెవులు రెండూ అడుగుతారు. ఒకటే ఇస్తే, రెండోది బండిలోనే వదిలేశావేమో, నిర్లక్ష్యమేమో అని పేచీ మొదలవుతుంది. స్పేర్ తాళంచెవి బీరువాలో పెట్టు, అది ఏ బీరువాలో ఉందో అమ్మగారికి చెప్పు.

ఇక పోలీసు. మన రెండు ఊళ్లకీ మధ్య నది, నది ఇవతల ఆంధ్రా, అవతల ఒడిశా. నీ బండి పాతపట్నంలో శాంపిల్‌కి ఆపినప్పుడు పోయిందనుకో, మీ ఠాణాకెళ్తే "అటు వెళ్లు" అనవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, వాళ్లు తీసుకుని సంబంధిత ఠాణాకి పంపాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఇచ్చినా చెల్లుతుంది, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. ఆర్సీ, ఛాసిస్ నెంబరు, ఇంజిన్ నెంబరు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకో. అర్ధరాత్రి ఠాణా బల్ల ముందు ఛాసిస్ నెంబరు ఎవరికీ గుర్తుండదు.

ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా అదే రోజు ఫోన్ చెయ్యి, మెయిల్ పెట్టు. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమ్ కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. అలాగని ఆలస్యం చెయ్యమని కాదు. కోర్టులో గెలిచే లోపు ఇంకో బండి కొనుక్కోవాల్సి వస్తుంది. పోలీసులు వెతికి దొరకలేదని తుది రిపోర్టు ఇచ్చాకే డబ్బు కదులుతుంది, దానికి నెలలు పడుతుంది.

ల్యాబ్ కుర్రోడు (పర్లాకిమిడి):

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. గుమాస్తా గారూ, ఇప్పుడే చూశాను, నా ఓన్ డ్యామేజ్ వచ్చే నెలతో అయిపోతుంది. నేనూ 5 ఏళ్లు ఉందనే ధీమాగా ఉన్నాను. మాస్టారికి మీ మెసేజ్ చూపించాను, ఆయనది ఉత్త థర్డ్ పార్టీయేనట. పాపం ఏమీ మాట్లాడలేదు.

బాబాయ్, ఇంకో రెండు డౌట్లు. మా నాన్న టీవీఎస్ ఎక్స్‌ఎల్ నడుపుతారు, దానికి డిస్క్ లేదు. దానికేం చెయ్యాలి? రెండోది, అలారం లాక్ వేస్తే దొంగ దాని మీద గుడ్డ చుడితే కూత ఆగదా?

స్పానర్ బాబాయ్ (రాయగడ):

గుడ్డ చుడితే తగ్గుతుంది, ఆగదు. కానీ చుట్టడానికి బండిని ముట్టుకోవాలి, ముట్టుకుంటే కూస్తుంది. చుట్టే లోపే మీ అమ్మగారు కిటికీ తీస్తారు.

డ్రమ్ బ్రేకు బండికి డిస్క్ లాక్ లేదు. మన వైపు ఇంకా చాలా బండ్లకి ముందు డ్రమ్మే కదా, చాలామంది ఆన్‌లైన్‌లో డిస్క్ లాక్ తెప్పించుకుని ఎక్కడ పెట్టాలో తెలీక నా కొట్టుకొస్తారు. అలాంటి వాటికి అలారం ప్యాడ్‌లాక్ వస్తోంది. మామూలు కప్పలాంటి తాళమే, లోపల అవే బటన్ సెల్స్, అదే కూత. బల్లార్షా తమ్ముడు చెప్పిన గొలుసుకి దాన్ని వెయ్యి. గొలుసు కదిలితే కూస్తుంది. ఎక్స్‌ఎల్ తేలిక బండి, సులువుగా ఎత్తుకుపోతారు, దానికి గొలుసే ముఖ్యం, అలారం రెండో మాట. నాన్నగారు నిజంగా రోజూ వేస్తారో లేదో అడుగు. మా నాన్నగారి సైకిల్‌కి నేను కొన్న గొలుసు ఆఖరి దాకా దూలానికి వేలాడింది.

బండి అమ్మేటప్పుడు "రహస్య స్విచ్" (అది వేస్తేనే ఇంజిన్ స్టార్ట్ అయ్యేలా దాచిన స్విచ్) పెట్టిస్తామంటారు కొందరు. పాత కార్బురేటర్ బండికి ఫరవాలేదు. 2020 తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండికి వైరింగ్ కోస్తే వారంటీ పేచీ, పైగా ఆ జాయింటు వానకి తుప్పు పట్టి నడి రోడ్డు మీద బండి ఆగుతుంది. నువ్వు శాంపిళ్లతో తిరిగేవాడివి, నీకొద్దు.

ల్యాబ్ కుర్రోడు (పర్లాకిమిడి):

అప్‌డేట్. డ్రిల్ బిట్ పెట్టి చూస్తే నా డిస్క్‌కి 6 ఎంఎం బాగా దూరింది, 7 పట్టేసింది. 6 ఎంఎం పిన్‌ది కొన్నాను, ధర మధ్యస్థం. విప్పి చూస్తే బాబాయ్ చెప్పినట్టే రబ్బరు రింగు ఒక మూల గాడి దాటి ఉంది. సర్ది గ్రీజు పూశాను. గొలుసు కూడా కొన్నాను, కిటికీ చువ్వలు తాతగారి కాలంవి, ఏనుగుని కట్టినా కదలవు.

మొదటి రాత్రే ఆవు వచ్చింది. నిలబడి గోక్కున్నట్టుంది. మా అమ్మ కిటికీ తీసింది, ఎదురింటి పెద్దాయన కర్ర పట్టుకుని అరుగు దిగాడు, పక్కింట్లో లైటు వెలిగింది. ఆవు మాత్రం కదల్లేదు. పొద్దున్న పెద్దాయనకి క్షమాపణ చెప్పబోతే "ఫరవాలేదురా, మా బండికీ ఒకటి తెప్పించు" అన్నారు. బరంపురం బావగారూ, మా వీధి బస్టాండ్ కాదు మరి.

ఒక్క ఇబ్బంది ఉంది బాబాయ్. పొద్దున్న లాక్ తీసి సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్తున్నాను. నిన్న ఒక బీపీ పేషెంట్ ఇంట్లో సిరంజి తియ్యగానే సంచిలోంచి కూత మొదలైంది. ఆవిడ దెబ్బకి లేచి కూర్చున్నారు. ఆ రీడింగ్ ఎంతొచ్చిందో అడక్కండి. తాళంచెవి బండికే ఉంది, పరిగెత్తుకెళ్లి తెచ్చి ఆపేసరికి ఇంట్లోవాళ్లంతా పోగయ్యారు. ఇది చెడిపోయిందా?

స్పానర్ బాబాయ్ (రాయగడ):

చెడిపోలేదు. సంచిలో పిన్ను దేనికో నొక్కుకుని లోపలికి పడిపోయింది. పిన్ను పడితే అది తాళం వేసినట్టే, అలారం ఆన్ అవుతుంది, నువ్వు నడిచిన ప్రతి అడుగూ దానికి దొంగే. కొన్ని మోడళ్లలో పిన్నుని సగం తిప్పి నొక్కితే అలారం లేకుండా తాళం ఒక్కటే పడుతుంది, పిన్ను మీద చుక్కగాని గీతగాని ఉందేమో చూడు. ఉంటే అలా నొక్కి సంచిలో వేసుకో. లేకపోతే బండికి బిగించుకునే బ్రాకెట్ విడిగా దొరుకుతుంది, క్రాష్ గార్డ్‌కి బిగించి అందులో పెట్టు. లాక్ తాళంచెవి బండి తాళాల గుత్తిలో వెయ్యకు, వేరే రింగులో జేబులో ఉంచు.

అసలు పొద్దున్నపూట దాన్ని వెంట తీసుకెళ్లడం ఎందుకు? రాత్రికే అన్నాను కదా. ఇంట్లో మేకుకి తగిలించి వెళ్లు.

బరంపురం బావ:

ఆ ఎదురింటి పెద్దాయన బరంపురం వస్తారేమో కనుక్కో తమ్ముడూ, పాత బస్టాండ్‌లో ఉద్యోగం ఉంది.